ఎవరి దగ్గర చేస్తావమ్మా?

సీఏ ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే వారం పాటు నా ఫోను మోగుతూనే ఉంటుంది. తెలిసినవాళ్ల పిల్లలు, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్ల పిల్లలు. రెండు గ్రూపులూ గట్టెక్కామని, ఆర్టికల్‌షిప్ శిక్షణకి ఏ ఫర్మ్ మంచిదో చెప్పమని అడుగుతారు. సంతోషమే. ఆ తర్వాత వచ్చే ప్రశ్నల వరస వింటేనే ప్రాణం ఉసూరుమంటుంది. స్టైపెండు ఎంత ఇస్తారు, శనివారం సెలవుందా, రెజ్యూమేలో ఏ పేరుంటే బాగుంటుంది. ట్యాక్స్‌లోనే స్థిరపడతానని చెప్పే పిల్లలు కూడా అక్కడ ట్యాక్స్ ఎవరు చూస్తారని అడగరు. రెండేళ్లు ఎవరి చేతి కింద కూర్చోబోతున్నారో ఆ మనిషి పేరే వాళ్లకి తెలియదు.

మా రోజుల్లో మొదట అడిగేది ఆ పేరే. నేను బి.కాం. పాసై ఆర్టికల్స్‌లో చేరింది 1980ల నడుమ, విజయవాడ గవర్నరుపేటలో. ఆ చుట్టుపక్కల ఏ మేడమెట్లు ఎక్కినా పైన ఒక ఆడిటరుగారి బోర్డుండేది. ఎవరి దగ్గర ఏం నేర్చుకోవచ్చో ఊరందరికీ తెలుసు. ఫలానాయన సేల్స్‌ట్యాక్స్‌లో దిట్ట, ఫలానాయన దగ్గర బ్యాంకు ఆడిట్లు తప్ప ఇంకేం రావు, ఫలానాయన పిల్లలచేత ఇంటి కూరగాయలు మోయిస్తాడు. మా నాన్న రైసుమిల్లులో గుమాస్తా. ఆయన ఏ ప్రొఫెసరునీ అడగలేదు. నాలుగు మిల్లుల గుమాస్తాలను కూర్చోబెట్టి, ఇన్‌కంట్యాక్స్ ఆఫీసరు ఎదుట నోరు విప్పి మాట్లాడే ఆడిటరు ఎవరో వాకబు చేశాడు. చిట్టా, ఆవర్జాలు చంకన పెట్టుకుని ఆడిటరు వెనకాల ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు కాబట్టి గుమాస్తాలకు అసలు సంగతి తెలుసు. కేసు పిలవగానే ఎవరు వాయిదా అడుగుతారో, ఎవరు కాగితం తీసి చూపిస్తారో వాళ్లు కళ్లారా చూశారు. వాళ్లు చెప్పిన ఆడిటరు దగ్గరే నన్ను చేర్పించాడు.

అప్పుడే ఇన్‌కంట్యాక్స్ చట్టంలోకి 44ఏబీ వచ్చింది. 1984 ఫైనాన్స్ చట్టంతో తెచ్చిన ఆ సెక్షన్ ప్రకారం 40 లక్షల టర్నోవరు దాటిన ప్రతి వ్యాపారీ 1985-86 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి లెక్కలు ఆడిట్ చేయించుకోవాలి. అంతకుముందు ఆడిటరు మొహం చూడని మిర్చి కమీషన్ వ్యాపారులు, పొగాకు వ్యాపారులు, లారీ ట్రాన్స్‌పోర్టులవాళ్లు, సినిమా డిస్ట్రిబ్యూటర్లు పుస్తకాల మూటలతో మెట్లెక్కారు. పని విపరీతంగా పెరిగింది, అయినా నేర్పడానికి తీరిక ఉండేది. దానికి కారణముంది. అప్పటికి అందరికీ ఒకే లెక్కల ఏడాది లేదు. కొందరు దీపావళికి పుస్తకాలు మూసేవారు, కొందరు ఉగాదికి, కొందరు డిసెంబరు ఆఖరుకి. 1989-90 అసెస్‌మెంటు సంవత్సరం నుంచి అందరికీ మార్చి 31 అని ఖాయం చేశాక పనంతా ఒకేసారి మీద పడడం మొదలైంది. ఇవాళ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఏ ఆఫీసుకి వెళ్లినా ఒక్కరూ తలెత్తి మాట్లాడరు. పిల్లవాడికి ఏదైనా విడమరిచి చెప్పాల్సింది సరిగ్గా ఆ నెలల్లోనే.

ఒక రైసుమిల్లు ఫైలు గురించి చెబుతాను. ఆ ఏడు మిల్లు చూపించిన బియ్యం దిగుబడి తక్కువగా ఉందని ఆఫీసరుకి అనుమానం వచ్చింది. ప్రభుత్వ లెక్కలో పచ్చి బియ్యానికి క్వింటాలు వడ్లకు 67 కిలోలు రావాలి. పైగా కరెంటు బిల్లుల్లో యూనిట్లు తీసి, ఇంత కరెంటు కాలితే ఇన్ని బస్తాలు ఆడి ఉండాలి, పుస్తకాల్లో అంత లేదు, తేడా సరుకు బయట అమ్ముకున్నారు అని నోటీసిచ్చాడు. పుస్తకాలు తోసిపుచ్చి ఆదాయం అంచనా కట్టడానికి అది తొలిమెట్టు. మా సీనియర్ ఒకతను రిజిస్టర్లన్నీ ముందేసుకుని చక్కటి ఇంగ్లీషులో జవాబు రాసి మా ఆడిటరు సార్ ముందు పెట్టాడు. సార్ చదివి, పక్కన పెట్టి, "మిల్లుకి వెళ్లావా?" అన్నారు.

"లేదండి. స్టాకు రిజిస్టరు మొత్తం చూశానండి."

"రిజిస్టరు ఆఫీసరూ చూశాడయ్యా. చూశాకే నోటీసిచ్చాడు. వెళ్లి మర ఆడుతుండగా చూసి రా. వీణ్ణి కూడా తీసుకెళ్లు" అని నన్ను చూపించారు.

వెళ్లాం. అది పాత హల్లరు మిల్లు, కొత్త షెల్లర్లలో వచ్చినంత బియ్యం అందులో రాదు. తుఫానుకి తడిసిన ధాన్యం ఆ ఏడు ఎక్కువగా వచ్చింది. తడిసి ఆరిన గింజ మరలో పడితే విరుగుతుంది, నూకలు పెరుగుతాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మోటార్లు కాసేపు ఉత్తినే తిరుగుతాయి, ఆ యూనిట్లకు గింజ ఆడదు. ఒక బస్తా వడ్లు తూయించి, మరలో పోయించి, బియ్యం, నూకలు, తవుడు, ఊక విడివిడిగా తూచి రాసుకొచ్చాం. ధాన్యం కొన్న తేదీలు, తుఫాను తేదీలు పక్కపక్కన పెట్టాం. సబ్‌స్టేషన్ నుంచి కరెంటు కోతల వివరాలు తెచ్చాం. అప్పుడు సీనియర్ మళ్లీ జవాబు రాశాడు. సార్ ఎర్ర సిరాతో సగం కొట్టేశారు. విశేషణాలన్నీ పోయాయి, అంకెలు మిగిలాయి. మూడోసారికి టైపు చేయించారు. హియరింగుకి మమ్మల్నిద్దర్నీ వెంటబెట్టుకెళ్లి వెనక కుర్చీల్లో కూర్చోబెట్టారు. అయినా కొంత ఆదాయం కలిపారు. అప్పీలుకి వెళ్లాం. ఫారం 35, స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్, గ్రౌండ్స్ ఆఫ్ అప్పీల్ అన్నీ ఆ సీనియరే రాశాడు, నేను కార్బన్ కాగితాలు పెట్టి ప్రతులు తీశాను. వోచరు దగ్గర మొదలై అప్పీలు ఉత్తర్వు వరకూ ఒకే ఫైలు ఒకే చేతుల్లో నడిచింది. ట్యాక్స్ నేర్చుకోవడమంటే అదీ. ఇంకో దారి ఉందని ఇన్నేళ్లలో ఎవరూ నాకు చూపించలేదు.

ఆ రోజుల్లోనే, 1985 ఏప్రిల్లో, మెక్‌డోవెల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ సేల్స్‌ట్యాక్స్ తగాదాయే అది. మద్యం కొన్నవాళ్లు ఎక్సైజు సుంకాన్ని నేరుగా కట్టేస్తే ఆ సొమ్ము కంపెనీ టర్నోవర్లోకి వస్తుందా, రాదా అన్నది వివాదం. వస్తుందని తేల్చారు. పన్ను తప్పించుకునే తెలివిని కోర్టులు మెచ్చుకునే కాలం పోవాలని విడిగా తీర్పు రాసిన న్యాయమూర్తి చిన్నపరెడ్డిగారు మన అనంతపురం జిల్లా మనిషి. పన్ను తీర్పులు అచ్చువేసే ఐటీఆర్ సంచిక రాగానే సార్ మా నలుగుర్నీ కూర్చోబెట్టి ఆ తీర్పు మొదటి పేజీ నుంచి చదివించారు. అర్థంకాని చోట ఆపి, మా క్లయింట్లలోనే ఎవరి వ్యవహారం దీనికి దగ్గరగా ఉందో చెప్పమన్నారు. పరీక్షకి పనికొస్తుందని కాదు. రేపు క్లయింటు వచ్చి ఏదో దొడ్డిదారి అడిగితే ఏం చెప్పాలో మాకు తెలిసుండాలని.

ఇప్పటి సంగతి వేరు. మా తమ్ముడి కూతురు ఈమధ్యే సీఏ ఇంటర్ పాసైంది. ఇంటర్మీడియట్‌లో ఎంఈసీ తీసుకున్న రోజు నుంచీ ట్యాక్సే అంటోంది. దాని చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి హైదరాబాదులో ప్రపంచమంతా పేరున్న ఫర్మ్, ట్యాక్స్ విభాగంలో. ఇంకొకటి విజయవాడలో పదిమంది పనిచేసే ఆఫీసు. "పెదనాన్నా, బ్రాండ్ ఉంటే రేపు ఉద్యోగం తేలిక కదా?" అంది. తేలికే, కాదనను. మొదటి ఉద్యోగానికి ఆ పేరు తలుపు తీస్తుంది. క్యాంపస్ ఇంటర్వ్యూలో పిలిచేవాళ్లు ముందు ఆ పేరే చూస్తారు. కానీ పేరు చూసి నమ్మితే ఏమవుతుందో మన హైదరాబాదుకి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఉంది. ఆ లెక్కల మీద సంతకం ప్రపంచమంతా పేరున్న ఫర్మ్‌దే. బ్యాంకు నిల్వ సరిచూడడం మా ఆఫీసులో మొదటి నెలలో వచ్చిన కుర్రవాడికి అప్పజెప్పే పని. బ్యాంకు దగ్గరికి వెళ్లి, మేనేజరు సంతకంతో నిల్వ రాయించుకుని రమ్మనేవారు. పార్టీ చేతికిచ్చిన కాగితం చెల్లదు.

పెద్ద ఫర్మ్‌లో చేరిన పిల్లలను నేను అడుగుతుంటాను, ఏం చేస్తున్నారు అని. ఒకమ్మాయి ఏడాదిగా టీడీఎస్ వివరాలను 26ఏఎస్‌తో సరిపోల్చుతోంది. వందల కోట్ల కంపెనీ, వేల వరుసల ఎక్సెల్. ఇంకో అబ్బాయి ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్‌లో పోలికకు పనికొచ్చే కంపెనీల పేర్లు డేటాబేసులోంచి వడగడతాడు, పైవాళ్లు రిపోర్టు రాస్తారు. ఆ రిపోర్టు మీద అధికారి ఏమన్నాడో అతనికి తెలియదు, ఆ సంగతి చూసే టీము ఇంకో అంతస్తులో ఉంది. కష్టపడుతున్నారు, రాత్రి పదింటివరకూ కష్టపడుతున్నారు. సీఏ ఇన్‌స్టిట్యూటు నియమం ప్రకారం ఆర్టికల్ మామూలు పనివేళలు వారానికి 35 గంటలు. ఆ సంగతి గుర్తుచేసే ధైర్యం ఏ పిల్లకుంది?

చిన్న ఆఫీసులను వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. వాటిమీద నాకు ఇంకా కోపం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచి చాలా చిన్న ఆఫీసులు రిటర్నులు ఎక్కించే కౌంటర్లయిపోయాయి. 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బి, మళ్లీ పై నెల అదే. బి.కాం. చదివిన అకౌంటెంటుని జీతమిచ్చి పెట్టుకుంటే జరిగే పనికి, స్టైపెండుతో సరిపోతుందని ఆర్టికల్స్‌ని తీసుకుంటున్నారు. కొన్నిచోట్ల ఇంకా ఘోరం. కాగితం మీద పేరుంటుంది, పిల్లవాడు ఆఫీసుకి రాడు, కోచింగ్ సెంటర్లో కూర్చుంటాడు. డమ్మీ ఆర్టికల్‌షిప్ అని దానికో పేరు కూడా పెట్టి మామూలు విషయంలా మాట్లాడుకుంటున్నారు. ఇన్‌స్టిట్యూటుకి ఆడిటరూ, విద్యార్థీ కలిసి అబద్ధం రాసిస్తున్నారు. రేపు ఆ విద్యార్థే ఇంకొకరి లెక్కలు నిజమని సంతకం పెట్టాలి. ఇది మా వృత్తికి సిగ్గుచేటు.

ఇది చాలదన్నట్టు 2023 జూలై 1 నుంచి కొత్త స్కీము. మూడేళ్ల ఆర్టికల్స్ రెండేళ్లయింది. పిల్లలు పండగ చేసుకున్నారు. నాకు మాత్రం లెక్క కుదరడం లేదు. 2025 జనవరిలో చేరిన అమ్మాయిని తీసుకోండి. ఆ ఏడాది మార్చికి ముగిసిన లెక్కల రిటర్ను 2025 ఆఖర్లో వేస్తుంది. అది స్క్రూటినీకి వస్తే నోటీసు 2026 జూన్ ఆఖరులోగా రావచ్చు. అసెస్‌మెంటు ఉత్తర్వుకి గడువు 2027 మార్చి 31. ఈ అమ్మాయి 2027 జనవరికే బయటికి వెళ్లిపోతుంది. తను వేసిన రిటర్నుకి అధికారి ఏమన్నాడో చూడకుండానే ట్యాక్స్‌లో శిక్షణ పూర్తయిందని సర్టిఫికెట్ వస్తుంది. మూడో ఏడు ఉంటే ఉత్తర్వూ చూసేది, దానిమీద అప్పీలూ రాసేది. ఇన్‌స్టిట్యూటు పెద్దలు పరీక్షల క్యాలెండరు చూసి ఏళ్లు తగ్గించారు. ఇన్‌కంట్యాక్స్ చట్టంలోని గడువులు కూడా పక్కన పెట్టి చూసుంటే బాగుండేది.

ఆఫీసరు ఎదుట కూర్చునే హియరింగులు కూడా చాలావరకు పోయాయి. 2019లో మొదలైన ఫేస్‌లెస్ పద్ధతిలో ఆఫీసరు ఎవరో, ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. అంతా పోర్టల్లోనే. లంచాలు తగ్గాయంటారు, చాలావరకు నిజమే, దానికి నేను సంతోషిస్తాను. కానీ ఎదురుగా కూర్చుని, ఆయన మొహంలో అనుమానం ఎక్కడ మొదలైందో చూసి, అక్కడ ఇంకో కాగితం తీసిచ్చే విద్య ఇక రాదు. మిగిలింది రాతపని ఒక్కటే. అంటే జవాబు రాయడం నేర్పే మనిషి విలువ ఇప్పుడు ఇంకా పెరగాలి. జరుగుతున్నది వేరు. పిల్లలు నోటీసుని ఏఐ పెట్టెలో వేసి, అదిచ్చిన జవాబు ఎక్కించేస్తున్నారు. ఇన్‌కంట్యాక్స్ ట్రిబ్యునల్ బెంగళూరు బెంచి 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఉత్తర్వులో ఉదహరించిన తీర్పుల్లో కొన్ని అసలు లేనివని తేలి, ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ట్రిబ్యునల్ స్థాయిలోనే అలా జరిగితే, ఇరవయ్యేళ్ల పిల్లకి పుస్తకం తీసి అసలు తీర్పు చదివి చూడు అని ఎవరో ఒకరు పక్కనుండి చెప్పకపోతే ఎలా?

మా కాలమంతా బంగారం అని చెప్పను. మా ఆఫీసులో ఒక్క ఆడపిల్ల ఉండేది కాదు, చేరతానని వచ్చినా తీసుకునేవారు కాదు. ఇవాళ ఏ ఆఫీసులో చూసినా అమ్మాయిలే చురుగ్గా పనిచేస్తున్నారు. అప్పట్లో సీటు దొరకాలంటే కులమో, బంధుత్వమో, మా నాన్నకున్నట్టు గుమాస్తాల పరిచయమో ఉండాల్సి వచ్చేది. అవేవీ లేని కుర్రవాళ్లు నెలల తరబడి మెట్లెక్కి దిగేవారు. స్టైపెండు బస్సు చార్జీలకు, మధ్యాహ్నం టిఫినుకు చాలేది, అంతే. ఇవాళ పెద్ద ఫర్ములు ఐదంకెల స్టైపెండు ఇస్తున్నాయి. ఇంట్లో ఇబ్బందున్న పిల్లవాడు ఆ డబ్బు చూసి చేరితే వాణ్ణి తప్పుపట్టను. అంతర్జాతీయ పన్నులు, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగు లాంటివి గవర్నరుపేటలో కూర్చుంటే రావు, అవి నేర్చుకోవాలంటే అక్కడికే వెళ్లాలి. అదీ ఒప్పుకుంటాను.

నా తగువంతా ఎంచుకునే తీరు మీద. మా తమ్ముడి కూతురికి ఇదే చెప్పాను. స్టైపెండు సంగతి వాళ్లే చెబుతారు, నువ్వు అడక్కు. నువ్వు రాసిన జవాబు ఎవరు దిద్దుతారో అడుగు, ఆ మనిషి పేరు అడుగు. ఇప్పుడు ఆ ఆఫీసులో రెండో ఏడు చేస్తున్న ఆర్టికల్‌తో పావుగంట మాట్లాడు, ఈ నెలలో ఏం పని చేశావని అడుగు. అప్పీళ్లు వాళ్లే నడుపుతారా, బయట లాయరుకి ఇస్తారా? పాత ఏళ్ల ఫైళ్లు ఉన్నాయా? ఈ చివరిది ముఖ్యం. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం అమలు, 536 సెక్షన్లు, నంబర్లన్నీ మారాయి. కానీ అంతకుముందు ఏళ్ల తగాదాలన్నీ పాత చట్టం కిందే నడుస్తాయి. ఇప్పుడు చేరే పిల్లలు రెండు చట్టాలూ చదవాలి. పాత ఫైళ్ల బీరువా ఉన్న ఆఫీసైతే రెండూ చేతికందుతాయి. మొదటి ఏడు దాటాక ఫర్మ్ మారాలంటే ఇన్‌స్టిట్యూటు తేలిగ్గా ఒప్పుకోదు కాబట్టి ఈ అడగడమంతా చేరకముందే అయిపోవాలి.

మా తమ్ముడి కూతురు నిజంగానే రెండుచోట్లకూ ఫోన్ చేసి అడిగింది. పెద్ద ఫర్మ్‌లో హెచ్ఆర్ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడి, టీము చేరిన తర్వాత కేటాయిస్తామని, ఎవరి కింద పనిచేయాలో ఇప్పుడే చెప్పలేమని అంది. విజయవాడ ఆఫీసులో ఫోను నేరుగా ఆడిటరుగారికే ఇచ్చారట. "రిప్లైలు నేనే దిద్దుతానమ్మా. సెప్టెంబరులో మాత్రం నన్ను ఏమీ అడక్కు, నాకు ఊపిరాడదు. నవంబరులో కూర్చుని అన్నీ చెబుతాను. ట్రిబ్యునల్లో మావి ఏడు అప్పీళ్లున్నాయి, వచ్చి చదువుకో" అన్నాడట. స్టైపెండు హైదరాబాదులో వచ్చేదాంట్లో మూడో వంతు కూడా లేదు. మా తమ్ముడు కాస్త గొణిగాడు. నేను అక్కడే చేరమన్నాను, అదీ సరేనంది. వచ్చే వారం ఫారం 103 నింపుతున్నారు.